ఎంజీబీ, స్పిట్‌ఫైర్: వేగంలో తేడా కొంచెం, పోషణలో తేడా చాలా

క్లుప్తంగా: 1962లో కొద్ది వారాల తేడాతో బయటికొచ్చి, 1980లో దాదాపు ఒకేసారి ఆగిపోయిన రెండు బ్రిటిష్ టాపు లేని కార్లు ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. కాగితం మీద ఎంజీబీ బలమైనది, స్పిట్‌ఫైర్ తేలికైనది. రోడ్డు మీద ఈ తేడా అనుకున్నంత పెద్దగా ఉండదు. తుప్పు ఎక్కడ దాక్కుంటుంది, ఏ భాగం ముందు అరుగుతుంది, ఏ పని ఇంటి గ్యారేజీలో అవుతుంది అన్నవాటి దగ్గరే ఈ రెండూ వేరుపడతాయి. కొనేవాళ్లు హార్స్‌పవర్ కంటే ముందు చూడాల్సింది వీటినే.

బ్రిటన్‌లో పాత కార్ల నిబంధనలు సడలినప్పటి నుంచి ఈ పోలిక మళ్లీ చర్చలోకి వచ్చింది. 2018 మే నుంచి అక్కడ 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు ఏటా చేయించే ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. నిర్ణీత దరఖాస్తు చేసుకుంటే రోడ్డు పన్ను కూడా ఉండదు. ఎంజీబీలు, స్పిట్‌ఫైర్లు అన్నీ ఇప్పుడు ఆ వయసు దాటినవే. దీంతో పాత కారు చవకగా పోషించుకోవచ్చన్న మాట వ్యాపించింది. అది సగమే నిజం. తనిఖీ లేకపోయినా కారును రోడ్డుకు తగినట్టు ఉంచాల్సిన చట్టపరమైన బాధ్యత యజమాని మీదే ఉంటుంది. ఏటా ఒక నిపుణుడు కారు కింద దూరి చూసే ఏర్పాటు పోయాక, అమ్మే మనిషి చేతిలో చూపించడానికి తాజా సర్టిఫికెట్ కూడా ఉండకపోవచ్చు.

## ఒకే ఏడాది, రెండు దారులు

ఎంజీబీ అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైంది. అంతకుముందు వచ్చిన ఎంజీఏకు విడిగా ఛాసిస్, అంటే అడుగున బరువు మోసే ఉక్కు చట్రం ఉండేది. ఎంజీబీకి వచ్చేసరికి ఛాసిస్ తీసేసి, బాడీయే మొత్తం బరువు మోసేలా రూపొందించారు. దీన్ని మోనోకాక్ నిర్మాణం అంటారు. 1962లో ఒక చిన్న స్పోర్ట్స్ కారుకు అది ఆధునికమైన ఆలోచన. 1965లో పైకప్పు ఉన్న జీటీ మోడల్ కూడా చేరింది. రెండూ కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి.

స్పిట్‌ఫైర్ పుట్టింది కోవెంట్రీలోని కాన్లీలో. బాడీ గీసింది ఇటలీకి చెందిన డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి. కింద ఉన్నది మాత్రం కొత్తది కాదు. ట్రయంఫ్ హెరాల్డ్ అనే కుటుంబ కారు ఛాసిస్‌నే కుదించి వాడుకున్నారు. ఖర్చు తగ్గించడం కోసం చేసిన ఈ పని వల్లే స్పిట్‌ఫైర్‌కు దాని మంచి గుణాలూ, చెడ్డ గుణాలూ దాదాపు అన్నీ వచ్చాయి. ఇవి 3 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

మొదట్లో ఇవి ప్రత్యర్థి కంపెనీల కార్లు. 1968లో బ్రిటిష్ లేలాండ్ ఏర్పడ్డాక రెండూ ఒకే గొడుగు కిందికి వచ్చి, ఒకే యజమాని దగ్గర పెట్టుబడి కోసం పోటీ పడ్డాయి. ఆ పోటీలో రెండూ నష్టపోయాయనే చెప్పాలి. 1960ల డిజైన్లనే 1980 దాకా సాగదీయాల్సి వచ్చింది.

## అంకెలు చెప్పేదేమిటి, దాచేదేమిటి

ఎంజీబీ ఇంజిన్ 1798 సీసీ, గాలీ పెట్రోలూ కలిపి పంపే రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, కంపెనీ చెప్పిన శక్తి 95 హార్స్‌పవర్. గంటకు 165 కిలోమీటర్ల వరకు వెళ్తుంది. నిలబడ్డ చోటు నుంచి 60 మైళ్ల వేగం, అంటే గంటకు 96 కిలోమీటర్లు అందుకోవడానికి సుమారు 12 సెకన్లు పడుతుంది.

స్పిట్‌ఫైర్‌ను ఒకే కారుగా చూస్తే లెక్క తప్పుతుంది. 1962 నాటి మొదటి మోడల్ 1147 సీసీ, 63 హార్స్‌పవర్. 1967లో వచ్చిన మార్క్ 3 ఇంజిన్ 1296 సీసీ, 75 హార్స్‌పవర్. 1974 చివర్లో బ్రిటన్‌లో వచ్చిన 1500 మోడల్‌కు 1493 సీసీ, 71 హార్స్‌పవర్. మొదటి మోడల్ 60 మైళ్ల వేగానికి 16 సెకన్లకు పైగా తీసుకునేది. చివరి 1500కు 13 సెకన్లు చాలు, గరిష్ఠ వేగం గంటకు 160 కిలోమీటర్లు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి బరువు. ఎంజీబీ 920 కిలోల దగ్గర మొదలై ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా పెరిగింది. తొలి స్పిట్‌ఫైర్లు 700 కిలోలకు కాస్త పైన ఉండేవి. టన్ను బరువుకు ఎంత శక్తి అని లెక్క వేస్తే మార్క్ 3 స్పిట్‌ఫైర్, తొలి ఎంజీబీ దాదాపు సమానం. రెండోది కొలిచే పద్ధతి. 1960ల బ్రోచర్లలోని 95 హార్స్‌పవర్ పాత పద్ధతిలో కొలిచింది. అదే ఇంజిన్‌ను తర్వాత డిన్ అనే కఠినమైన జర్మన్ పద్ధతిలో కొలిస్తే బ్రిటన్ మోడళ్లకు 84 అని చూపించారు. అంకె తగ్గినంత మాత్రాన ఇంజిన్ అంతగా నీరసపడిపోలేదు. రెండు కాలాల బ్రోచర్లు పక్కపక్కన పెట్టుకుని పోల్చేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

అమెరికా మోడళ్ల సంగతి వేరు. అక్కడి పొగ నిబంధనల కోసం 1975 నుంచి ఎంజీబీకి రెండు కార్బురేటర్ల బదులు ఒకే స్ట్రామ్‌బర్గ్ కార్బురేటర్ పెట్టారు. శక్తి 60 హార్స్‌పవర్ చుట్టుపక్కలకు పడిపోయింది. అమెరికా స్పిట్‌ఫైర్ 1500కు కంప్రెషన్ తగ్గించడంతో అదీ 60 లోపుకే దిగింది. అమెరికాలో చవకగా దొరికే 1970ల చివరి కార్లను చూసి ఈ రెంటి సత్తాను అంచనా వేయడం న్యాయం కాదు.

నడిపే మనిషికి తెలిసే అసలు తేడా టార్క్‌లో, అంటే ఇంజిన్ తిప్పే బలంలో ఉంది. ఎంజీబీ 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దగ్గరే సుమారు 149 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. స్పిట్‌ఫైర్ 1500 ఇచ్చేది 111. కొండ ఎక్కేటప్పుడు ఎంజీబీలో గేరు మార్చకుండానే సాగిపోవచ్చు, స్పిట్‌ఫైర్‌లో ఒక గేరు దించాలి. హైవే మీద మాత్రం ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజిన్ చుట్లను తగ్గించే అదనపు గేరు) ఉందా లేదా అన్నదే ముఖ్యం. అది లేకపోతే బ్రిటన్ మోటార్‌వే పరిమితి అయిన 70 మైళ్ల వేగంలో రెండు కార్ల ఇంజిన్లూ దాదాపు 3,900 ఆర్‌పీఎం దగ్గర అరుస్తుంటాయి. ఓవర్‌డ్రైవ్ వేస్తే అది 3,100 చుట్టుపక్కలకు దిగుతుంది. ఈ కార్లలో ఒక్క అదనపు సౌకర్యమే కోరుకోమంటే అది ఓవర్‌డ్రైవే కావాలి.

## మలుపులో ఎవరి గుణం ఏమిటి

ఎంజీబీ వెనక భాగం చాలా పాత పద్ధతిది. రెండు చక్రాలను కలుపుతూ ఒకే ఇరుసు, దాని కింద లీఫ్ స్ప్రింగులు. మన లారీ మెకానిక్కులు కమాన్ కట్టలు అనేవి ఇవే. గుంతల్లో కుదుపు ఉంటుంది, కానీ కారు ఏం చేయబోతోందో డ్రైవరుకు ముందే తెలుస్తుంది. 1974 చివర్లో అమెరికా బంపర్ నిబంధనల కోసం పెద్ద నల్ల రబ్బర్ బంపర్లు తగిలించి, కారును సుమారు అంగుళం ఎత్తు పెంచారు. కొంతకాలం ముందువైపు యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) కూడా తీసేశారు. ఫలితంగా ఆ కాలపు కార్లు మలుపుల్లో ఒరిగిపోయేవి. 1977 మోడల్‌తో ముందూ వెనకా బార్లు పెట్టి పరిస్థితి చక్కదిద్దారు. అందుకే రబ్బర్ బంపర్ కార్లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. 1977 మోడల్ నుంచి వచ్చినవి మధ్యవాటికంటే మెరుగు.

స్పిట్‌ఫైర్ వెనక సస్పెన్షన్ కథ ఇంకా ఆసక్తికరం. ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌ను ఛాసిస్‌కు బిగించేసి, దాని నుంచి రెండు వైపులా విడివిడి ఇరుసులు వేశారు. పైన అడ్డంగా ఒకే లీఫ్ స్ప్రింగ్. ఇదే స్వింగ్ యాక్సిల్. ఒక్కో ఇరుసూ లోపలి కొసన మాత్రమే మడుస్తుంది కాబట్టి, చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా దాని వాలు కూడా మారుతుంది. వేగంగా మలుపు తిరుగుతూ మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే కారు వెనక భాగం పైకి లేస్తుంది. అప్పుడు బయటి చక్రం లోపలికి ముడుచుకుంటుంది, టైరు పట్టు ఒక్కసారిగా పోతుంది, వెనక భాగం జారిపోతుంది. నెమ్మదిగా హెచ్చరించే గుణం దీనికి లేదు.

1970లో వచ్చిన మార్క్ 4తో దీనికి చవకైన, తెలివైన విరుగుడు కనిపెట్టారు. స్ప్రింగ్‌లోని ఒక పట్టీని మాత్రమే డిఫరెన్షియల్‌కు గట్టిగా బిగించి, మిగతావాటిని అటూ ఇటూ ఊగేలా వదిలారు. దీంతో వెనక చక్రాల ముడుచుకునే గుణం చాలావరకు అదుపులోకి వచ్చింది. 1973లో వెనక చక్రాల మధ్య దూరం కూడా పెంచారు. కొత్తగా నడిపేవాళ్లకు మార్క్ 4 గానీ 1500 గానీ సరిపోతాయి. అంతకుముందువి వాటి స్వభావం తెలిసినవాళ్ల చేతుల్లోనే బాగుంటాయి.

ఈ స్వింగ్ యాక్సిల్ మన దేశంలో కూడా నడిచింది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారు చేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌లో ఉన్నది ఇదే. ఇక్కడి రోడ్లకూ బరువులకూ అది మెకానిక్కుల మెప్పు పొందలేదు. 1970ల్లో దాని తర్వాత వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌లో ఇంజిన్ పాతదే ఉంచి, వెనక మామూలు ఇరుసు పెట్టారు. కోవెంట్రీ ఇంజినీర్లు స్ప్రింగ్ మార్చి సర్దుకున్న సమస్యకు మద్రాసు ఇంజినీర్లు ఇరుసునే మార్చి పరిష్కారం చూశారు.

## ఇంజిన్ల వంశం

రెండు ఇంజిన్లూ చిన్నగా పుట్టి, ఏళ్ల తరబడి పెద్దవైనవే. ఎంజీబీలో ఉన్నది దాని మాతృ సంస్థ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) తయారు చేసిన బి-సిరీస్. ఇదే వంశానికి చెందిన 1489 సీసీ ఇంజిన్ మన అంబాసిడర్‌ను దశాబ్దాల పాటు లాగింది. తెలుగు జిల్లాల్లో అంబాసిడర్ ట్యాక్సీల మీద పని నేర్చుకున్న పాత మెకానిక్‌కు ఎంజీబీ బానెట్ ఎత్తి చూపిస్తే, పేరు తెలియకపోయినా పని తెలుస్తుంది. స్పిట్‌ఫైర్ ఇంజిన్ వంశం 1953 నాటి స్టాండర్డ్ ఎయిట్ కారులోని 803 సీసీతో మొదలైంది. అది 948కి పెరిగి హెరాల్డ్‌లో చేరింది, మద్రాసు హెరాల్డ్‌లో ఉన్నదీ అదే. తర్వాత 1147, 1296 అయి చివరికి 1493 దగ్గర ఆగింది.

803 సీసీ కోసం రూపొందించిన ఇంజిన్‌ను దాదాపు రెట్టింపు చేస్తే ఒత్తిడి అంతా క్రాంక్ షాఫ్ట్ మీద, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు మీద పడుతుంది. స్పిట్‌ఫైర్ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్‌ను పట్టుకునే ప్రధాన బేరింగులు మొదటి నుంచి చివరి దాకా మూడే. ఎంజీబీకీ తొలి రెండేళ్లు మూడే ఉండేవి, 1964 చివర్లో అయిదు చేశారు.

1500 ఇంజిన్ త్వరగా అరగడానికి దాని పొడవైన స్ట్రోకే (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) కారణమని తరచూ చెబుతుంటారు. ఆ వాదన పూర్తిగా నిలవదు. స్పిట్‌ఫైర్ 1500 స్ట్రోక్ 87.5 మిల్లీమీటర్లు, ఎంజీబీది 88.9. స్ట్రోక్ ఎంజీబీదే కొంచెం ఎక్కువ. తేడా అంతా ఆ శక్తిని మోసే బేరింగుల సంఖ్యలో ఉంది. మూడు చోట్ల మాత్రమే ఆధారం ఉన్న క్రాంక్ షాఫ్ట్ ఎక్కువ వేగంలో మధ్యమధ్యలో వంగి ఊగుతుంది, పిస్టన్ కడ్డీలను దానికి కలిపే బిగ్ ఎండ్ బేరింగులు దెబ్బతింటాయి. హైవే మీద గంటల తరబడి 4,500 ఆర్‌పీఎం దాటి నడిపిన 1500లు తొందరగా రిపేరుకు వస్తాయి. అదే కారును ఓవర్‌డ్రైవ్‌తో, ఆయిల్ సమయానికి మార్చుతూ నడిపితే చాలాకాలం నిలుస్తుంది. అన్నిటిలో సాఫీగా తిరిగేది 1296 సీసీ అని స్పిట్‌ఫైర్ అభిమానులు చెప్పే మాటకు ఆధారం ఉంది.

ఈ ఇంజిన్‌కు ఇంకో బలహీనత థ్రస్ట్ వాషర్లు. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్ ముందుకు జరగకుండా ఆపే అర్ధచంద్రాకారపు రేకులివి. బాగా అరిగితే జారి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో పడిపోతాయి. ఆ తర్వాత క్రాంక్ షాఫ్ట్ నేరుగా ఇంజిన్ బ్లాక్‌నే కోసేస్తుంది. చిన్న రేకుల కోసం మొత్తం బ్లాక్ పోగొట్టుకోవడం అన్యాయమే, కానీ పట్టించుకోకపోతే జరిగేది అదే.

## తుప్పు: అసలు ఖర్చు ఇక్కడే

పైకప్పు లేని కారు మూత తీసిన అట్టపెట్టె లాంటిది, పట్టుకుని మెలితిప్పితే మెలితిరుగుతుంది. ఆ మెలికను ఆపేది తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే ఉక్కు పెట్టెలు. వీటినే సిల్స్ అంటారు. ఎంజీబీకి వేరే ఛాసిస్ లేదు కాబట్టి ప్రాణమంతా వీటిలోనే ఉంది. సిల్‌లో బయటి రేకు, మధ్య పొర, లోపలి రేకు, అడుగున ఇంకో ముక్క, ఇలా నాలుగు పొరలు ఒకదానికొకటి వెల్డింగ్ అయి ఉంటాయి. ఈ పొరల మధ్య తడి చేరితే బయటికి కనపడదు. బయట పెయింట్ నిగనిగలాడుతుంటే లోపల మధ్య పొర పొడిగా రాలిపోయి ఉండవచ్చు. పాత రేకు మీదే కొత్త రేకు అతికించి అమ్మిన కార్లు ఎన్నో ఉన్నాయి. సరిగ్గా బాగు చేయాలంటే బాడీ వంగకుండా లోపల బిగింపులు కట్టి, పొరలన్నీ కోసి, వరసగా మళ్లీ వెల్డ్ చేయాలి. అది అనుభవజ్ఞుల పని. మజూరీయే సగం కారు ధర అవుతుంది.

స్పిట్‌ఫైర్‌కు ఛాసిస్ ఉంది కాబట్టి సిల్స్ తుప్పు పట్టినా ఫర్వాలేదనుకోవడం పెద్ద పొరపాటు. హెరాల్డ్ ఛాసిస్‌కు పక్కల ఉన్న దూలాలను స్పిట్‌ఫైర్ కోసం తీసేశారు. మిగిలింది మధ్యలో వెన్నెముక లాంటి భాగమే. పక్కల బలం ఇక్కడ కూడా సిల్సే ఇవ్వాలి. తేడా ఏమిటంటే, బాడీని బోల్టులు విప్పి ఛాసిస్ నుంచి ఎత్తేయవచ్చు. కిందికి చేయి అందుతుంది, లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది.

ఎంజీబీకి మాత్రం చాలా పాత కార్లకు దొరకని ఒక ఆసరా ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత ఫ్యాక్టరీ అచ్చులను సేకరించి, 1988 నుంచి మొత్తం కొత్త బాడీలనే తయారు చేసింది. ప్రాణం పోయిన ఎంజీబీని కొత్త బాడీతో లేపవచ్చు. స్పిట్‌ఫైర్‌కు ప్రధానంగా విడి రేకులే దొరుకుతాయి. మెకానికల్ విడిభాగాల కొరత మాత్రం రెంటికీ లేదు. బ్రిటన్‌లోని పెద్ద విక్రేతలు ప్రపంచమంతా పంపుతున్నారు.

## ఇంటి గ్యారేజీలో అయ్యే పని, కాని పని

స్పిట్‌ఫైర్ బానెట్, రెండు వైపులా మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు పడుకుంటుంది. టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. తొలిసారి పాత కారు మీద చేయి పెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు. క్లచ్ మార్చాలంటే సీట్లు, మధ్యలోని తొడుగు తీసి, గేర్‌బాక్స్‌ను కారు లోపలి నుంచే బయటికి లాగవచ్చు. ఎంజీబీలో అదే పనికి ఇంజిన్‌ను పైకి ఎత్తాలి, అంటే క్రేన్ కావాలి. పైగా ఎంజీబీ క్లచ్‌లో బంతుల బేరింగ్ బదులు కార్బన్ దిమ్మ ఉంటుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిపట్టి నిలబడే అలవాటున్న డ్రైవరు దాన్ని తొందరగా అరగదీస్తాడు.

ముందు చక్రాల దగ్గర మాత్రం క్షమాగుణం ఎంజీబీదే. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలు తిరిగే ఇరుసులైన దాని కింగ్ పిన్నులకు ఒక్కో వైపు మూడేసి గ్రీజు నిపుళ్లు ఉంటాయి, 3,000 మైళ్లకోసారి గ్రీజు కొట్టాలి. మరిచిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, అరుగుతుంది, ముందే తెలుస్తుంది. స్పిట్‌ఫైర్‌లో చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీ అడుగు భాగం ఇత్తడి జాతి లోహపు దిమ్మ అయిన ట్రనియన్‌లో స్క్రూ లాగా మర మీద తిరుగుతుంది. దీనికి గ్రీజు కాదు, చిక్కని ఈపీ 90 గేర్ ఆయిల్ వేయాలి. గ్రీజు మర పొడవునా పాకదు, నీళ్లు చేరి ఉక్కు కడ్డీ తుప్పు పట్టి ఒకరోజు పుటుక్కున విరుగుతుంది, చక్రం కూలబడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పార్కింగ్ చేసేటప్పుడు విరిగితే అదృష్టమే. నిపుల్ కనిపించింది కదా అని గ్రీజు గన్ పెట్టే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. కారు ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పి ఇవ్వాలి.

కరెంటు వైరింగ్ విషయంలో ఇద్దరూ ఇద్దరే. తప్పంతా వీటిలో వాడిన లూకాస్ కంపెనీ కరెంటు పరికరాల మీద వేయడం అలవాటైంది గానీ, ఎక్కువ ఫిర్యాదులకు మూలం తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్లే. బాడీకి తగిలే ఎర్త్ చివరలు గీకి శుభ్రం చేసి బిగిస్తే సగం సమస్యలు తీరతాయి. 1974 దాకా ఎంజీబీకి సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి. చాలామంది వాటిని తీసేసి ఒకే 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకున్నారు, అందులో తప్పేం లేదు.

## పెట్రోలు కూడా మారిపోయింది

ఈ ఇంజిన్లు సీసం కలిపిన పెట్రోలు రోజుల్లోవి. వాల్వులు మూసుకునే అంచులైన వాల్వు సీట్లను సీసం కాపాడేది. బ్రిటన్‌లో మామూలు బంకుల్లో అది 2000 నుంచి లేదు. కాబట్టి సిలిండర్ హెడ్‌కు గట్టి వాల్వు సీట్లు వేయించారా లేదా అన్నది రెండు కార్లకూ అడగాల్సిన ప్రశ్న. ఆ తర్వాతది ఇథనాల్. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ సాధారణ పెట్రోలు అంటే 10 శాతం దాకా ఇథనాల్ కలిసినదే. పాత రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి చీలతాయి, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే మంటే. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించుకోవడం చిన్న ఖర్చు. 20 శాతం ఇథనాల్ దాకా వెళ్లిన మన దేశంలో పాత కార్లున్నవాళ్లకు ఇది మరీ అవసరం.

భారతదేశంలో ఇలాంటి కార్లకు 2021లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని వాహనాలు వింటేజ్ కింద నమోదవుతాయి, నంబరు ప్లేటులో వీఏ అక్షరాలు ఉంటాయి. ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు, పెట్రోలుకు తీసుకెళ్లవచ్చు గానీ రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు.

## కొనేముందు అరగంట

ఎంజీబీ అయితే తలుపు కింద సిల్‌ను అయస్కాంతంతో తడిమి చూడాలి. పుట్టీ ఉన్నచోట అది అతుక్కోదు. కారును జాకీ మీద ఎత్తినప్పుడు తలుపు మూసుకోవడం కష్టమైతే బాడీ వంగుతోందని అర్థం, అలాంటి కారును ఎంత చవకైనా వదిలేయడం మంచిది. స్పిట్‌ఫైర్ అయితే బానెట్ తెరిచి, ఒకరిని క్లచ్ తొక్కమని చెప్పి, ముందున్న క్రాంక్ పుల్లీని గమనించాలి. కంటికి కనిపించేంతగా ముందుకూ వెనక్కూ జరుగుతుంటే థ్రస్ట్ వాషర్ల పని పడినట్టే. ఆ తర్వాత అమ్మే మనిషిని ట్రనియన్లలో ఏం వేస్తున్నారని అడగాలి. గ్రీజు అని జవాబొస్తే, బేరం ఖాయం చేసుకునేముందు కొత్త ట్రనియన్లు, వాటిలో తిరిగే కడ్డీల ఖర్చు ధరలోంచి తగ్గించమనాలి.